క్వారీలో తేలిన ఊరబావి

ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో మా ఊరి నీళ్లు తోడి వాగులో పారబోసింది ఎవరని అడిగితే, మా ఆయనే. ఈ మాట నేను చెప్పకపోతే ఊళ్లో ఇంకొకరు చెబుతారు, చెప్పేవాళ్లు ఉన్నదానికి నాలుగు కలిపి మరీ చెబుతారు. అందుకే ముందు నేనే చెప్పేస్తున్నాను.

మాది దాచేపల్లికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఊరు. ఊరికి పడమటి వైపు ఒక సిమెంటు కంపెనీ వాళ్లు సున్నపురాయి కోసం క్వారీ తవ్వుతుండేవాళ్లు. తవ్వేకొద్దీ ఆ గోతిలోకి నీళ్లు ఊరి వచ్చేవి. నీళ్లు నిలిస్తే రాయి తీయడం కుదరదు కాబట్టి వాటిని తోడి పారేయడానికి ఏనుగంత మోటారు ఒకటి బిగించారు. ఆ మోటారు నడిపేది మా ఆయన సుభానీ. పొద్దున ఆరింటికి వేస్తే సాయంత్రం ఆరింటికి గానీ కట్టేవాడు కాదు. అన్ని గంటలూ జానెడు లావు గొట్టంలోంచి నీళ్లు వాగు ఇసకలోకి పడుతూనే ఉండేవి. అవి ఎవరికి పనికొచ్చాయని అడిగినవాడు లేడు. నేనూ అడగలేదు. కంపెనీ ఇచ్చిన ఖాకీ గుడ్డలు ఉతికి నలుగురికీ కనబడేట్టు వీధి వైపు దండెం మీద ఆరేసేదాన్ని. పెళ్లై మూడేళ్లు, మొగుడికి కంపెనీ ఉద్యోగం, ఇంకేం కావాలి?

మా అత్త హజ్రా బీ సంగతి వేరు. మనిషి పొట్టి, మాట పొడుగు. నమాజుకి ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవడాన్ని మేము వజూ అంటాం. బావి నిండుగా ఉన్న రోజుల్లో కూడా ఆమె ఒక్క సత్తు చెంబుతోనే వజూ ముగించేది. చెంబు అడుగున గుక్కెడు మిగిలితే దాన్ని గడప పక్కన కరివేపాకు మొక్కకి పోసేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో రెండో చెంబు ముంచబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఏటి ఒడ్డున కూర్చోని చేసినా ఒక చెంబే గుల్జారూ,” అంది. “రేపు పైన అన్నీ అడిగేటప్పుడు నీళ్ల సంగతి కూడా అడగతారు.”

నాకు పిసినారి అత్త దొరికిందని పుట్టింటికి పోయి చెప్పుకుని నవ్వాను.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. నిజమే, కానీ వానలు పడని ఏళ్లు పల్నాటికి కొత్తా? మా ఊరబావి నలభై అడుగుల లోతు, చుట్టూ రాతి కట్టుడు. ఎంత కరువొచ్చినా చేంతాడుకి ఇంకో బారెడు తాడు ముడేస్తే సరిపోయేది. ఆ బావి ఎండగా చూసిన ముసలివాళ్లు ఊళ్లో లేరు. అలాంటిది, క్వారీ వాళ్లు ఊరి వైపుకి తవ్వడం మొదలుపెట్టిన ఆర్నెల్లకే అడుగున బురద కనబడింది. మధ్యాహ్నం క్వారీలో రాయి పగలగొట్టే మందు తూటాలు పేలినప్పుడల్లా మా అటక మీద గిన్నెలు గలగలమనేవి. మర్నాడు పొద్దున చూస్తే బావిలో నీళ్లు ఇంకో రాతి వరస కిందికి దిగి ఉండేవి. రెండింటికీ సంబంధం ఉందని తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. తెలిసీ తెలియనట్టు ఉండటానికే పెద్ద చదువులు కావాలి.

ఊరివాళ్లు పది మంది కలిసి క్వారీ ఆఫీసుకి వెళ్లారు. అక్కడ మేనేజరు ధనుంజయరావు. మా ఆయన గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు కాబట్టి జరిగింది జరిగినట్టు ఇంటికొచ్చి చెప్పాడు. మీ మోటారు మా బావిని లాగేస్తోంది, కనీసం ఆ గొట్టాన్ని వాగు వైపు కాకుండా మా కుంట వైపు తిప్పండి, గొడ్లన్నా తాగుతాయి అని వీళ్లు అడిగారట. ఆయన కూలరు ముందు కూర్చుని ఓపిగ్గానే విన్నాడట. ఆ కూలర్లో పోసేవీ నీళ్లే. ఆఫీసు ముందు గులాబీ మొక్కలకి పోసేవీ, లారీల బాటలో దుమ్ము లేవకుండా రోజుకి రెండుసార్లు చల్లేవీ నీళ్లే.

అంతా విని ఆయన, “క్వారీలో ఊరే నీళ్లు క్వారీవి. వాటి మీద మీ ఊరి పేరేమన్నా రాసి ఉంటుందా?” అన్నాడు.

గొట్టం తిప్పాలంటే హైదరాబాదు నుంచి కాగితం రావాలని కూడా చెప్పాడట. వాగులో పారబోయడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేకపోయింది.

మా సర్పంచి కృష్ణయ్య ఆ పది మందిలో ఉండి కూడా నోరు మెదపలేదు. ఆయన లారీలు మూడు ఆ క్వారీలోనే తిరుగుతున్నాయి మరి. ఊళ్లోకి వచ్చాక మాత్రం నోరు తెరిచాడు. ఊరికి ఎడంగా ఉన్న దళితుల పాలెంలో బోరింగు మార్చి నెలలోనే ఎండిపోయింది. అప్పటి నుంచి అక్కడి ఆడవాళ్లు ఊరబావి దగ్గరికి వస్తున్నారు. వచ్చి దూరంగా నిలబడి, ఎవరో ఒకరు బిందెలో పోసేదాకా ఎదురు చూస్తున్నారు. అంత మంది తోడితే బావి ఎండకేమవుతుంది అన్నాడు కృష్ణయ్య. తోడనియ్యకుండా దూరంగా నిలబెట్టి, వాళ్లు తోడితే ఎండిందనడం! అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. అయినా ఊళ్లో సగం మంది తలలూపారు. దుత్తయితే పగలగొట్టడం తేలిక.

ఇక నా సంగతి. మా ఆయన రోజూ సైకిలుకి అటొకటీ ఇటొకటీ రెండు తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు కట్టుకుని క్వారీ నీళ్లు తెచ్చేవాడు. ఊరంతా చెంబుడు నీళ్ల కోసం మైలు దూరం నడుస్తుంటే మా ఇంట్లో కుండలు నిండుగా ఉండేవి. నేను వాటి మీద మూతలు పెట్టి, ఆ మూతల మీద గోనెపట్టా కప్పేదాన్ని. ఎక్కడివి అని ఎవరన్నా అడిగితే దాచేపల్లి నుంచి తెస్తున్నాడు అని అబద్ధం ఆడేదాన్ని. మా అత్తకీ అదే చెప్పాను. పాలెం నుంచి దయామణి వస్తే ఒక చెంబు పోసి, పుణ్యం మూటగట్టుకున్నట్టు మురిసిపోయేదాన్ని. ఆమె నీళ్లే ఆమెకి బిచ్చం వేసి దణ్ణం పెట్టించుకున్నాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు రంజాను మే నెలలో వచ్చింది. రోజా ఉన్నవాళ్లు తెల్లవారక ముందు నుంచి పొద్దు గుంకేదాకా గుక్కెడు నీళ్లు కూడా ముట్టరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఇక మనిషి నాలుక ఎంత! అరవై దాటిన మా అత్త ఒక్క రోజా వదల్లేదు. మా ఆయన కూడా వదల్లేదు. నోట్లో తడి లేకుండా, రోజంతా ఆ నీళ్ల హోరు పక్కనే కూర్చుని వాటిని వాగులోకి తోస్తూ రోజా ఉన్నాడు.

రంజాను సగం గడిచేసరికి ఊళ్లో వాంతులు, బేదులు మొదలయ్యాయి. బురద నీళ్లు తాగితే రాక ఏమవుతాయి? దయామణి మా ఊరికి హెల్త్ వర్కరు. సర్కారు వాళ్లు నెలకి ఏదో ఇస్తే, ఇంటింటికీ తిరిగి మాత్రలిచ్చేది, బావుల్లో మందు వేసేది. ఆ మందు ఊదారంగు పలుకుల్లా ఉంటుంది. ఏ వెడల్పు బావికి ఎంత వేయాలో ఆమెకిచ్చిన పుస్తకంలో పట్టీ వేసి ఉంది. నిండు బావికి రాసిన పట్టీ అది. మా బావిలో ఉన్నవి మోకాటి లోతు నీళ్లని ఆ పుస్తకానికి తెలియదు. పుస్తకం తప్పితే తన మీదికి వస్తుందని ఈ పిచ్చి తల్లి నిండు బావి మందంతా తెచ్చి ఆ మోకాటి లోతులో కుమ్మరించింది.

నీళ్లు వంకాయ రంగుకి తిరిగాయి. బిందెలో పోసుకుంటే బిందె మచ్చలు పడింది, చెయ్యి ముంచితే చెయ్యి గోధుమ రంగుకి మారింది. ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు బిందెలు తెచ్చి నాకు చూపించి దయామణిని తిట్టిపోశారు. ఆమె బావి గట్టు పక్కన నిలబడి, ఒక పూట ఆగండమ్మా రంగు విరిగిద్ది అని బతిమాలుతూనే ఉంది. మర్నాటికి రంగు విరగడం కాదు, నీళ్లే లేవు. అడుగున తడి బురద, రాళ్లకి చుట్టూ ఊదా చారిక. అంతే మిగిలింది.

ఎప్పుడూ లేంది, ఆ ముందు రోజు మధ్యాహ్నం రెండుసార్లు తూటాలు పేల్చారు. ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. దయామణి మందు బావిని తాగేసిందన్నారు. రేపు పొద్దున బావి దగ్గర పంచాయితీ పెడుతున్నానని కృష్ణయ్య చాటింపు వేయించాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఎప్పటికంటే ఆలస్యంగా వచ్చాడు. డబ్బాలు లోపలికి తేకుండా దొడ్డి గోడకి ఆనించి, పైన గోనె కప్పి వచ్చి కూర్చున్నాడు. రోజా విప్పే వేళయింది. నేను నీళ్ల కోసం పోయి గోనె తీశాను.

తెల్ల డబ్బాలు గులాబీ రంగులో ఉన్నాయి.

ముందు రోజంతా ఆ రంగు బిందెలు చూస్తూనే ఉన్నాను. ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయినా పోయి అడిగాను. మొదట తుప్పు అన్నాడు. నేను కదలకుండా నిలబడేసరికి తల వంచుకుని అసలు సంగతి చెప్పాడు. పొద్దున్నుంచీ గోతిలో ఊరి వైపు గోడ నెరియల్లోంచి రంగు నీళ్లు ధారగా దిగుతున్నాయి. మేనేజరు కూడా వచ్చి చూశాడు. చూసి, చీకటి పడేలోగా ఒక్క చుక్క మిగలకుండా తోడెయ్యమన్నాడు, ఎవరితోనన్నా అంటే ఉద్యోగం ఉండదన్నాడు. డబ్బాల్లో పట్టుకోకుండా ఖాళీగా వద్దామనుకున్నాడట మా ఆయన. కానీ ఇంట్లో రోజా ఉన్న తల్లి ఉంది, ముందు రోజు తెచ్చినవి అయిపోయి చుక్క నీళ్లు లేవు. చివర్లో రంగు పలచబడ్డాక పట్టుకొచ్చాడు.

మేము గుసగుసలాడుకుంటున్నామనే అనుకున్నాం. మా అత్త ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో తెలియదు. ఆమె చేతిలో ఆ సత్తు చెంబు ఉంది. డబ్బాలోంచి నీళ్లు అందులోకి ఒంపుకుని, వెలుతురులోకి తెచ్చి చూసింది.

“ఇయ్యి మన బావి నీళ్లు,” అంది.

ఆమె చెంబు తీసుకెళ్లి గడప పక్కన పెట్టింది. మసీదులో అజా వినిపించింది. ఆమె ఒక ఉప్పు కల్లు నాలుక మీద వేసుకుని, పుచ్చకాయ ముక్క ఒకటి నమిలి రోజా విప్పింది. నీళ్లు ముట్టలేదు. తరవాత పెరటి గోడ దగ్గరికి పోయి, రెండు అరచేతులూ మట్టి గోడకి ఆన్చి ముఖం తుడుచుకుంది, మళ్లీ ఆన్చి చేతులు తుడుచుకుంది. నీళ్లు ఎక్కడా దొరకని చోట, ఎడారిలో ఉన్నవాళ్లు వజూకి బదులు అలా చేస్తారు. మా ఇంట్లో మూడేళ్లలో నేను అది చూడటం అదే మొదటిసారి.

మా ఆయన లేచి నిలబడ్డాడు. “అమ్మా, ఇంట్లో నీళ్లు పెట్టుకోని మట్టితో చేస్తే చెల్లదమ్మా.”

“ఇంట్లో నీళ్లు లేవురా,” అని నమాజు చేసుకునే జానీమాజు గుడ్డ పరుచుకుంది.

రెండు డబ్బాలు, నలభై లీటర్లు, గోడకి ఆనుకుని అక్కడే ఉన్నాయి. ఆమె కోప్పడలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నమాజు చదువుకుని పోయి పడుకుంది. ఆ రాత్రి మేమిద్దరం అన్నం తినలేదు.

పొద్దున బావి దగ్గర ఊరంతా చేరింది. కృష్ణయ్య కుర్చీలో, దయామణి ఎండలో. చెయ్యి మచ్చలతో, ఒళ్లో ఆ పుస్తకంతో నేల మీద కూర్చోబెట్టారామెని. బావి పూడిక తీయించడానికయ్యే ఖర్చు పాలెం వాళ్లు పెట్టుకోవాలి, ఇక మీదట ఈ బావి దరికి రాకూడదు అని కృష్ణయ్య చెబుతున్నాడు. నేను పుస్తకంలో ఉన్నట్టే ఏశానయ్యా అంటోంది దయామణి. పుస్తకం తెరిచి చూడమంటే ఎవరూ ముట్టుకోలేదు.

మా అత్త జనాన్ని పక్కకి తోసుకుంటూ పోయింది. వెనక నేను, నా వెనక మా ఆయన. డ్యూటీకి పోవాల్సిన మనిషి, ఖాకీ వేసుకునే వచ్చాడు. మా అత్త కొంగు కింద నుంచి సత్తు చెంబు తీసి బావి గట్టు మీద పెట్టింది. పక్కనే రాళ్ల మీద ఊదా చారిక ఉంది. చెంబులో నీళ్లూ అదే చాయ, కాకపోతే కాస్త పలచన.

“దయామణి ఏసిన మందు ఏడికి పోయిందో మీకు తెలవాలిగా,” అంది. “మా ఇంటికొచ్చింది. క్వారీ నించి సైకిలు మీద వచ్చింది.”

కృష్ణయ్య ఏదో అనబోయాడు, ముసలమ్మకి రోజాలతో బుర్ర తిరిగిందని కాబోలు. అప్పుడు మా ఆయన ముందుకి వచ్చాడు. ఉద్యోగం పోతే ఏం తింటామన్నది నాకు తెలుసు, ఆయనకి నాకంటే బాగా తెలుసు.

“అమ్మ చెప్పింది నిజం. మన బావి నీళ్లు నిన్న గోతిలోకి దిగినయ్యి. పొద్దున్నించి పొద్దు గుంకేదాకా నేనే తోడి వాగులో పోశా. మేనేజరు చూశాడు,” అన్నాడు. ఆగి, “ఆరు నెలల నించీ నేనే తోడతన్నా,” అన్నాడు.

ఎవరూ ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. దయామణి లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని, పుస్తకం చంకలో పెట్టుకుంది. అంతసేపూ తనని నేల మీద కూర్చోబెట్టిన వాళ్లలో ఒక్కడు కూడా తప్పైందమ్మా అనలేదు. ఆ ముక్క ఎవరికీ గుర్తుండదు, నాకు మాత్రం గుర్తుంది.

మధ్యాహ్నానికల్లా కబురు వచ్చింది. సుభానీ ఇక రానక్కర్లేదు, ఖాకీ గుడ్డలు శుభ్రంగా ఉతికి ఆఫీసులో అప్పగించాలి. ఉతకడానికి నీళ్లేవి? ఉతక్కుండానే పట్టుకుపోయి ధనుంజయరావు బల్ల మీద పెట్టి వచ్చాను. ముక్కు మూసుకున్నాడు.

మండలాఫీసు దాచేపల్లికి కొత్తగా వచ్చింది. అర్జీ రాసి, ఆ రంగు నీళ్లు సీసాలో పట్టి, దయామణీ మా ఆయనా పోయి ఇచ్చారు. ఆఫీసరు లేడు, రేపు రమ్మన్నారు. రేపు పోతే మీటింగన్నారు. నాలుగో రోజుకి ఆయన దొరికి సీసా చూసేసరికి రంగు విరిగిపోయి అడుగున గోధుమ మడ్డి పేరుకుని ఉంది. బురద నీళ్లు చూపించి కంపెనీ మీద నేరం మోపితే ఎట్లా అన్నాడట. ఆలస్యం చేసింది వాళ్లు, రంగు విరిగినందుకు తప్పు మాది.

అక్కడి నుంచి వచ్చి దయామణి మా అరుగు మీద కూర్చుంది. ఎప్పుడూ గడప అవతలే నిలబడే మనిషి, ఆ రోజు తనంతట తనే ఎక్కి కూర్చుంది. మా అత్త పక్కకి జరిగి చోటిచ్చింది. తరవాత కొడుకుని పిలిచి, ఆ గొట్టం తిప్పడానికి ఎంతమంది కావాలిరా అని అడిగింది.

గొట్టం గోతిలోంచి పైకి వచ్చి గట్టు మీద వంపు తిరిగి వాగు వైపు పోతుంది. ఆ వంపు దగ్గర ఆరు బోల్టులు. వాటిని వదులు చేసి వంపుని ఇటు తిప్పితే నీళ్లు పాత బండిబాటలో పడతాయి. బండిబాట పల్లంగా దిగి మా కుంటలోకే పోతుంది. బోల్టులు తీయడానికి ఒక్కడు చాలు, కానీ మోటారు ఆగాలి అన్నాడు మా ఆయన. హైదరాబాదు నుంచి రావాల్సిన కాగితం అంతా కలిపి ఆరు బోల్టులు.

మర్నాడు మధ్యాహ్నం నలభై మంది ఆడవాళ్లం బయలుదేరాం. ఊరివాళ్లూ పాలెం వాళ్లూ, ఖాళీ బిందెలూ పారలూ పట్టుకుని. దారిలో మగవాళ్లు కొందరు కలిశారు, కృష్ణయ్య కలవలేదు. రోజాతో ఉన్న మా అత్త నడవలేకపోతే దయామణి రెక్క పట్టుకుంది. గట్టు మీదికి పోయేసరికి మోటారు హోరుమంటోంది. మా ఆయన స్థానంలో నాగూర్ వలి అని మాచెర్ల వైపు కుర్రవాడిని పెట్టారు. మమ్మల్ని చూశాడు. మా ఆయన్ని చూశాడు. బోల్టులు విప్పే పానా తీసి గొట్టం మీద పెట్టి, మోటారు కట్టేశాడు.

“నేను నమాజుకి పోతన్నా. అరగంట పడుద్ది,” అని మాకు వీపు తిప్పి వెళ్లిపోయాడు.

మోటారు ఆగాక అంత నిశ్శబ్దం ఆర్నెల్లుగా విన్లేదు. మా ఆయన కూర్చుని బోల్టులు విప్పాడు. ఎండకి కాలిన ఇనుము, చేతులు బొబ్బలెక్కాయి. వంపుని మేమే పది మందిమి పట్టుకుని తిప్పాం. మిగతావాళ్లు పారలతో బాట పక్కన గట్టు పోశారు. నాగూర్ వలి వచ్చి, ఏమీ చూడనట్టే మోటారు వేశాడు. గొట్టం దగ్గి, గాలి కక్కి, ఆ తరవాత ఒక్కసారిగా ఊరి వైపుకి నీళ్లు కక్కింది. నీళ్ల ముందు నడుస్తూ కుంటదాకా వచ్చాం, దారి తప్పిన గొడ్డుని ఇంటికి తోలుకొచ్చినట్టు.

ధనుంజయరావు జీపులో వచ్చాడు. గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లని చూశాడు, జీపు దిగలేదు. పోలీసులు వస్తారనుకున్నాం. రాలేదు. గుంటూరు పేపరువాళ్లు ఎవరో వచ్చి వెళ్లారన్న కబురు ఆయనకి ముందే అందిందని తరవాత తెలిసింది. గొట్టం అలాగే ఉండిపోయింది.

ఊరబావి మాత్రం మళ్లీ ఊరలేదు. ఆ వానాకాలమూ ఊరలేదు, ఆ తరవాతా ఊరలేదు. వాళ్లు ఇంకా లోతుకి తవ్వారు. కుంట నీళ్లు కాచి తాగడం నేర్చుకున్నాం. మా ఆయనకి ఏ క్వారీలోనూ పని ఇవ్వలేదు. దాచేపల్లిలో చిన్న బడ్డీ పెట్టుకుని కాలిన మోటార్లు చుట్టుకుంటూ బతికాడు. అందులో బాధ లేదు. బాధంతా ఇప్పుడు చెప్పే దాని గురించే.

రంజాను పండగైన పది రోజులకి కుంట గట్టు మీద కంపెనీవాళ్లు ఒక రేకు బోర్డు పాతారు. ఆ రోజు షామియానా వేశారు. ధనుంజయరావుకి కృష్ణయ్య దండ వేశాడు, ఇద్దరూ టెంకాయ కొట్టారు. సాయంత్రం నమాజు వేళకి నేనూ మా అత్తా కుంట దగ్గరికి పోయేసరికి అందరూ వెళ్లిపోయారు. టెంకాయ చిప్పలు పడున్నాయి, బోర్డుకి రంగు ఇంకా ఆరలేదు. దయామణి బిందెతో అక్కడే నిలబడి చదువుతోంది.

దాని మీద ఏముందే అని మా అత్త అడిగింది. దయామణి పైకి చదివింది. గ్రామ ప్రజల సంక్షేమం కోసం కంపెనీ వారి ఉచిత నీటి సరఫరా, కింద ధనుంజయరావు పేరు, ఆ కింద సర్పంచి పేరు.

మా అత్త ఆ బోర్డు వైపు కాసేపు చూసింది. ఆమెకి చదువు రాదు.

“నీళ్ల మీద పేరు రాసుండదన్నాడుగా,” అంది.

తరవాత నీళ్ల దగ్గరికి దిగి, నిండు కుంట ముందు ఒక్క చెంబు ముంచుకుని, బోర్డుకి వీపు పెట్టి కూర్చుని వజూ చేసుకుంది.